ఏమీ చెడగొట్టకుండా చూసి వస్తే నేరమేనా? ఫోను కంపెనీల కంప్యూటర్లలో తొలి హ్యాకర్ల సంచారంపై చర్చ

తీగలబాట (చర్చ ప్రారంభించినవారు):

అమెరికాలో 1960ల నుంచి 1990 దాకా ఫోను కంపెనీల యంత్రాల్లోకీ, తరువాత వాటి కంప్యూటర్లలోకీ అనుమతి లేకుండా వెళ్ళిన కుర్రాళ్ళను ఏమనాలన్న విషయం మీద గతవారం మిత్రుల మధ్య గట్టి వాదన జరిగింది. ఒకరు వాళ్ళను దొంగలన్నారు. నేను ఒప్పుకోలేదు. వాదన సగంలో ఆగిపోయింది కనుక ఇక్కడ సభ్యుల ముందు పెడుతున్నాను. నా పక్షమేమిటో ముందే చెబుతాను. ఆ తొలితరంలో ఎక్కువమంది అన్వేషకులు. వాళ్ళను నేరస్థులుగా నిలబెట్టడంలో వాళ్ళు చేసిన నష్టం కంటే కంపెనీల భయం, దర్యాప్తు అధికారులకు ఆ యంత్రాల గురించి తెలియకపోవడం ఎక్కువ పనిచేశాయి.

నేపథ్యం తెలియనివారి కోసం కొంత వివరిస్తాను. ఆ రోజుల్లో దూరప్రాంతాల కాల్స్ మోసే ట్రంకు లైను ఖాళీగా ఉన్నంతసేపూ దాని మీద 2600 హెర్ట్జ్ స్వరం మోగుతూ ఉండేది. స్వరం ఆగితే లైను వాడకంలోకి వచ్చిందనీ, మళ్ళీ వినబడితే పిలిచినవారు ఫోను పెట్టేశారనీ అవతలి ఎక్స్ఛేంజి అర్థం చేసుకునేది. ఏ నంబరుకు కలపాలో చెప్పే సంకేతాలు కూడా, 700 నుంచి 1700 హెర్ట్జ్ వరకు ఉన్న ఆరు స్వరాల్లో రెండేసి చొప్పున జంటలుగా, మనుషుల మాటలు పోయే ఆ తీగ మీదనే పోయేవి. అందువల్ల ఉచిత నంబరుకు ఫోను చేసి మధ్యలో 2600 స్వరం వినిపిస్తే అవతలి యంత్రం పాత కాల్ వదిలేసి కొత్త ఆజ్ఞ కోసం ఎదురుచూసేది. బిల్లు వేసే ఇవతలి యంత్రం మాత్రం ఇంకా ఉచిత కాలే నడుస్తోందనుకునేది. ఇందులో రహస్యమేమీ లేదు. అప్పట్లో అమెరికాలో చాలాభాగం ఫోను సేవలు నడిపిన ఏటీ అండ్ టీ కంపెనీల కూటమి అయిన బెల్ సంస్థ ఇంజినీర్లే 1954లో ఒక వ్యాసంలోనూ, 1960లో మరొక వ్యాసంలోనూ ఈ సంకేతాల వివరాలను తమ సాంకేతిక పత్రికలో అచ్చువేశారు. ఆ పత్రిక విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో చదువుకోవడానికి దొరికేది.

1949లో పుట్టిన జో ఎంగ్రెసియా పుట్టుకతోనే చూపు లేని మనిషి. స్వరం వింటే దాని స్థాయిని ఉన్నదున్నట్టు పట్టుకోగల చెవి ఆయనది. చిన్నతనంలోనే ఈల వేసి కాల్ తెగిపోయేలా చేయవచ్చని కనిపెట్టారు. ఫ్లోరిడాలో చదువుకునే రోజుల్లో తోటి విద్యార్థులకు ఈలతో దూరప్రాంతాల కాల్స్ కలిపి పట్టుబడ్డారు. తరువాత ఆయన ఫోను కంపెనీలోనే ఉద్యోగం చేశారు. ఫోను ఆయనకు ఆదాయ మార్గం కాదు. చూడలేని లోకాన్ని చెవితో తడిమి తెలుసుకోవడానికి దొరికిన దారి అది. ఈ మనిషిని దొంగ అనడానికి నాకు నోరు రాదు.

1976 నుంచి సంకేతాలను మాటల తీగ నుంచి తప్పించి వేరే దారిలో పంపడం మొదలైంది. ఈలల కాలం మెల్లగా ముగిసింది. అదే కాలంలో కంపెనీ తన రికార్డులను, స్విచ్చుల (కాల్స్ కలిపే ఎక్స్ఛేంజి యంత్రాల) నిర్వహణను కంప్యూటర్ల మీదికి మార్చుకుంది. కుతూహలం కూడా వాటి వెంటే వెళ్ళింది. ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే మోడెం ఉన్న ప్రతి కుర్రవాడికీ ప్రపంచంలోకెల్లా పెద్ద యంత్రం ఒక ఫోను కాల్ దూరంలో కనబడింది. వాళ్ళు లోపలికి వెళ్ళారు, చదివారు, రాసుకున్నారు, తోటివారికి చెప్పారు. ఎవరి సొమ్మూ తీసుకోకుండా, దేన్నీ చెరపకుండా చూసి వచ్చినవాడిని జైలుకు పంపడం న్యాయమా? ఇదే నా ప్రశ్న.

చట్టంచదువు:

తీగలబాట గారూ, ఎంగ్రెసియా గారి కథ ఎవరి మనసునైనా కరిగిస్తుంది, కానీ ఆయనను ముందు నిలబెట్టి ఆ తరాన్నంతటినీ ఆయన వెనుక దాచడం సరికాదు. ఈల వేసిన ఒక్కరి పక్కన, ఆ స్వరాలను పలికే బ్లూ బాక్సులు తయారుచేసి అమ్మినవారు ఎందరో ఉన్నారు. 1972 ప్రాంతంలో, తరువాత ఆపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ వాటిని విద్యార్థి వసతిగృహాల్లో ఒక్కొక్కటి 150 డాలర్లకు, ఆ పైన అమ్మారు. ఆ మాట వాళ్ళే తరువాత బహిరంగంగా చెప్పుకున్నారు. అంతకుముందే 1960లలో జూదం పందేలు కట్టించుకునేవారు తమ కాల్స్‌కు లెక్క దొరకకుండా ఉండటానికి ఇవే పెట్టెలు వాడి కోర్టు దాకా వెళ్ళారు. ఒక సాధనాన్ని పదిమంది చేతికిచ్చాక, నేను చూడటానికే వాడాను అన్న మాట ఆ ఒక్కడికే సరిపోతుంది. అతని చేతి మీదుగా సాధనం అందుకున్న తొమ్మిదిమందికి సరిపోదు.

ఇక కంప్యూటర్ల విషయం. 1981లో లాస్ ఏంజెలెస్‌లో కెవిన్ మిట్నిక్, అతని స్నేహితులు పసిఫిక్ టెలిఫోన్ (తరువాత పసిఫిక్ బెల్) కార్యాలయంలోకి నేరుగా నడిచి వెళ్ళారు. కాపలా మనిషిని మాటలతో నమ్మించి కాస్మాస్ అనే ఫోను లైన్ల రికార్డుల కంప్యూటరు వ్యవస్థ నడిచే గదిలో ప్రవేశించి, దాని మాన్యువళ్ళు, పాస్‌వర్డుల జాబితాలు తీసుకుని వెళ్ళారు. మిట్నిక్‌కు అప్పుడు 17 ఏళ్ళు. మోడెం లేదు, స్వరం లేదు. అబద్ధం చెప్పి తలుపు దాటి కాగితాలు ఎత్తుకురావడమే ఉంది. దీన్ని అన్వేషణ అంటే, మన ఇంట్లో ఇలాంటిది జరిగిన రోజు మనం పోలీసులకు ఏమని ఫిర్యాదు రాస్తాం?

1989 జూన్‌లో ఫ్లోరిడాలోని డెల్‌రే బీచ్‌లో జరిగినది మరీ స్పష్టమైన ఉదాహరణ. శిక్ష తరువాత పర్యవేక్షణలో ఉన్నవారు తమ అధికారులకు ఫోను చేస్తే, ఆ కాల్స్ న్యూయార్క్‌లో అశ్లీల సంభాషణలు అమ్మే ఒక నంబరుకు వెళ్ళాయి. ఎవరో స్విచ్చులోకి దూరి దారి మార్చారు. విన్నవారు చాలామంది నవ్వుకున్నారు. అదే స్విచ్చులో అదే పనిని ఆసుపత్రి నంబరు మీదా చేయవచ్చునన్న ఆలోచన వచ్చిన కంపెనీ ఇంజినీర్లకు మాత్రం నవ్వు రాలేదు. చూడటానికి వెళ్ళినవాడి చేతిలో, మార్చడానికి కావలసిన అధికారమే ఉంటుంది. మార్చలేదన్నది అతని సంయమనం. బయట ఉన్నవారికి ఆ సంయమనం ఉందని తెలిసే దారి లేదు.

జంపరుతీగ:

నేను టెలిఫోను శాఖలో 31 ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అమెరికా ఎన్నడూ చూడలేదు. కానీ చట్టంచదువు గారు పేర్కొన్న కాస్మాస్ అనే వ్యవస్థ ఏ పని చేసేదో చదివినప్పుడు, అది నేను చేత్తో చేసిన పనేనని అర్థమైంది. దాని గురించి చెబితే ఈ వాదనకు పనికివస్తుందనుకుంటున్నాను.

ఎక్స్ఛేంజిలో ఎండీఎఫ్ గది అని ఒకటి ఉంటుంది. పొడుగాటి ఇనుప చట్రం. దానికి ఒక పక్కన నిలువు వరుసల్లో వీధుల్లోంచి భూమి కింద వచ్చే కేబుళ్ళ జతలు ముగుస్తాయి. రెండో పక్కన అడ్డు వరుసల్లో ఎక్స్ఛేంజి యంత్రం నుంచి వచ్చే నంబర్ల కొసలు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేది సన్నని రెండు పోగుల జంపరు తీగ. మీ ఇంటి ఫోను మీ నంబరుతో మోగడానికి కారణం ఆ చట్రంలో మీ జత నుంచి మీ నంబరుకు వెళ్ళిన ఆ తీగ ఒక్కటే. మా కాలంలో ప్రతి నంబరుకూ ఒక కార్డు ఉండేది. ఏ కేబులు, ఎన్నో జత, ఏ పిల్లరు (వీధిలోని కేబుళ్ళ పెట్టె), ఏ డీపీ (అక్కడినుంచి ఇళ్ళకు తీగలు చీలే చోటు) అన్నది దాని మీద పెన్సిలుతో రాసేవాళ్ళం, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. బెల్ కంపెనీల్లో లక్షల జతలు ఉండటం వల్ల ఆ కార్డుల పెట్టెను కంప్యూటరులోకి మార్చారు. కాస్మాస్ అంటే ఆ కార్డుల పెట్టే.

నా తప్పు ఒకటి చెబుతాను. 1980లలో కోస్తా జిల్లాలో ఒక చిన్న ఊరి స్ట్రోజర్ (మెట్టుమెట్టుగా కదిలే పాతకాలపు యంత్రాల) ఎక్స్ఛేంజిలో ఉన్నప్పుడు, ఒక వానాకాలం కేబులు తడిసి చాలా జతలు పాడయ్యాయి. రాత్రికి రాత్రే మంచి జతల్లోకి మార్చాము. తెల్లవారుజామున కార్డులు సరిచేస్తూ 43 బదులు 34 అని ఒక జత రాశాను. చట్రంలో తీగ సరిగానే ఉంది. కార్డు మాత్రం తప్పు. నాలుగు రోజుల తరువాత మరొకరు 43వ జత ఖాళీగా ఉందనుకుని దాన్ని కొత్త కనెక్షనుకు ఇచ్చారు. ఆ జత మీద ఉన్నది ఊళ్ళో పురుళ్ళు పోసే డాక్టరమ్మ గారి ఫోను. రెండు రోజులు ఆమె ఫోను మూగబోయింది. ఫాల్టు ఎక్కడుందో వెతకడానికి కార్డు చూస్తే అది మమ్మల్ని మరోచోటికి పంపింది. లైన్‌మన్ స్తంభం ఎక్కాడు, దిగాడు, పిల్లరు తెరిచాడు, మూశాడు. చివరికి చట్రం ముందు కూర్చుని తీగ వెంట వేలు పెట్టి నడిస్తే దొరికింది. ఆ రెండు రోజుల్లో ఆమెకు ఎందరు ఫోను చేసి ఉంటారో నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అందుకే అంటున్నాను. ఆ రికార్డుల్లోకి వచ్చిన అపరిచితుడు ఏమీ మార్చకపోయినా, వచ్చాడని తెలిసిన క్షణం నుంచి ఆ రికార్డును నమ్మలేము. నమ్మలేని కార్డుల పెట్టె ఉంటే ప్రతి తీగనూ వేలితో పట్టుకుని నడవాలి. చూసి వచ్చినవాడికి అది కనబడని నష్టం. మాకు అదే అసలు నష్టం.

తీగలబాట:

జంపరుతీగ గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. రికార్డు మీద నమ్మకం పోవడమే నష్టమన్న మీ మాటకు నా దగ్గర జవాబు లేదు, దాన్ని అంగీకరిస్తున్నాను. ఏమీ చెడగొట్టలేదు అని నేను రాసిన చోట, చెడగొట్టాలన్న ఉద్దేశం లేదు అని చదువుకోవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

అయితే నష్టాన్ని కొలిచే హక్కు పూర్తిగా కంపెనీ చేతిలో ఉంటే ఏమవుతుందో చూపే కేసు ఒకటి ఉంది. దాన్ని పక్కనపెట్టి ఈ చర్చ ముందుకు పోలేదు.

1988లో అట్లాంటాకు చెందిన ఒక యువకుడు బెల్‌సౌత్ కంపెనీ కంప్యూటరులో తిరుగుతూ 911 అత్యవసర సేవ నిర్వహణకు సంబంధించిన ఒక పత్రాన్ని నకలు చేసుకున్నాడు. అందులో పాస్‌వర్డులు లేవు, ప్రోగ్రాములు లేవు. ఏ విభాగం ఏ పనికి బాధ్యత వహించాలి, ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలి అన్న కార్యాలయ భాష మాత్రమే ఉంది. 1989 ఫిబ్రవరిలో దాని సంక్షిప్త రూపం ఫ్రాక్ అనే ఎలక్ట్రానిక్ పత్రికలో వచ్చింది. ఆ పత్రిక సంపాదకుల్లో ఒకరైన క్రెయిగ్ నైడార్ఫ్ మిస్సోరీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆయన ఏ కంప్యూటరులోకీ చొరబడలేదు. తన దగ్గరికి వచ్చినదాన్ని ప్రచురించారు. 1990లో ఆయన మీద షికాగోలో ఫెడరల్ కేసు పెట్టారు. దొంగిలించిన ఆ పత్రం విలువ 79,449 డాలర్లని కంపెనీ లెక్క చెప్పింది.

ఆ లెక్క ఎలా వచ్చిందో చూడండి. పత్రం రాసినవారి జీతం, టైపు చేసినవారి జీతం, సరిచూసినవారి జీతం కలిపారు. దాన్ని టైపు చేసిన కంప్యూటరు ఖరీదు 31,000 డాలర్లు కూడా కలిపారు. ఆ కంప్యూటరు మీద ఉన్న సాఫ్ట్‌వేరు ధర, ప్రింటరు ధర కూడా చేర్చారు. ఒక ఉత్తరం పోతే దాన్ని రాసిన కలం, బల్ల, గది అద్దె అంతా పోయినట్టు లెక్కగట్టారన్నమాట. 1990 జులైలో విచారణ జరుగుతుండగా, 911 సేవ గురించి అంతకంటే ఎక్కువ వివరాలున్న పుస్తకాన్ని ఫోను కంపెనీల పరిశోధన సంస్థ బెల్‌కోర్ తన జాబితా ద్వారా ఎవరికైనా 13 డాలర్లకు అమ్ముతోందని డిఫెన్సు పక్షం చూపించింది. ప్రభుత్వమే కేసు వదులుకుంది. అప్పటికి ఆ విద్యార్థి న్యాయవాదులకు దాదాపు లక్ష డాలర్లు బాకీ పడ్డాడు.

ఈ పత్రం పేరు చెప్పి జరిగినది అంతటితో ఆగలేదు. 1990 మార్చి 1న టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో బల్ల మీద ఆడే ఆటల పుస్తకాలు వేసే స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న సంస్థ మీద అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ సీక్రెట్ సర్వీసు దాడి చేసి కంప్యూటర్లు పట్టుకుపోయింది. కారణం, అక్కడి ఉద్యోగి ఒకరు తన ఇంట్లో నడిపే బులెటిన్ బోర్డులో (మోడెంతో ఫోను చేసి సందేశాలు, ఫైళ్ళు పంచుకునే కంప్యూటరులో) ఆ ఫ్రాక్ సంచిక ఉండటం. 1993లో కోర్టు ఆ సంస్థకు 50,000 డాలర్లకు పైగా నష్టపరిహారం ఇప్పించింది. చట్టంచదువు గారు చట్టం మాట చెప్పారు. చట్టాన్ని నడిపినవారు ఆ చట్టానికి ఎంత దూరం వెళ్ళారో కూడా చెప్పాలి.

అర్ధరాత్రిమోడెం:

నేను న్యూజెర్సీలో టెలికాం నెట్‌వర్కులలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఇక్కడి పాత ఇంజినీర్ల నోట ఆ రోజుల మాటలు వింటూ వచ్చాను. రెండు విషయాలు చేర్చాలనుకుంటున్నాను.

మొదటిది ఆ కేసు వెనుక ఉన్న భయం ఎక్కడిదన్నది. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ దూరప్రాంతాల నెట్‌వర్కు తొమ్మిది గంటలపాటు కూలిపోయింది. చేసిన కాల్స్‌లో సుమారు సగం కలవలేదు. న్యూయార్క్‌లో ఒక స్విచ్చు చిన్న ఇబ్బంది వల్ల తనను తాను సరిచేసుకుని, నేను మళ్ళీ పనిలోకి వచ్చానని పొరుగు స్విచ్చులకు కబురు పంపింది. కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేరులో, ఆ కబురు నమోదు చేసుకుంటున్న క్షణంలోనే రెండో కబురు అందితే పొరుగు స్విచ్చు గందరగోళపడి తానూ ఆగిపోయేది. అది తేరుకుని తన పొరుగువారికి కబురు పంపేది, వాళ్ళూ ఆగిపోయేవారు. 114 స్విచ్చులూ ఇలా ఒకదాన్నొకటి పడగొట్టుకున్నాయి. కారణం సీ భాషలో రాసిన ప్రోగ్రాములో ఒక బ్రేక్ వాక్యం (ఆ భాగం ఆపి బయటికి రమ్మనే ఆజ్ఞ) ఉండకూడని చోట ఉండటం. ఏ హ్యాకరూ చేసినది కాదు. కంపెనీ సొంత ప్రోగ్రామరు చేసిన పొరపాటు. కానీ ఆ సాయంత్రం చాలామంది అధికారుల మనసులో మొదట మెదిలినది హ్యాకర్లే. మూడు రోజులకే, జనవరి 18న, నైడార్ఫ్ గదికి సీక్రెట్ సర్వీసు అధికారులు వచ్చారు. ఒకదానికి మరొకటి కారణమని నేను అనడం లేదు. భయం పట్టిన వారంలో జరిగిన దర్యాప్తు ఎలా ఉంటుందో అలాగే ఆ దర్యాప్తు ఉందని మాత్రం అంటున్నాను.

రెండోది, ఎవరు ఎవరి సంభాషణలోకి చొరబడ్డారన్నది. 1964 నుంచి 1970 వరకు ఏటీ అండ్ టీ కొన్ని నగరాల్లో ఒక రహస్య ఏర్పాటు నడిపింది; దాన్ని గ్రీన్‌స్టార్ అనేవారు. బ్లూ బాక్సులు వాడేవారిని పట్టుకోవడం కోసమని ఆ ఏర్పాటు 3 కోట్లకు పైగా కాల్స్‌ను యాదృచ్ఛికంగా పరిశీలించి, వాటిలో 15 లక్షలకు తక్కువ కాకుండా టేపు మీద రికార్డు చేసింది. మాట్లాడుకున్న మామూలు మనుషులకు ఆ సంగతి తెలియదు. 1975లో పత్రికలు బయటపెట్టేదాకా దేశానికీ తెలియదు. ఒక కుర్రవాడు స్విచ్చులోకి తొంగిచూస్తే నేరం, కంపెనీ లక్షలమంది మాటలు టేపు చేస్తే వ్యాపార రక్షణ. ఈ కొలతను నేను ఏనాడూ జీర్ణించుకోలేకపోయాను. ఇక్కడ నేను పూర్తిగా తీగలబాట గారి పక్షం.

వాళ్ళు లోపలికి ఎలా వెళ్ళేవారో కూడా గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ కార్యాలయాల వెనుక చెత్తడబ్బాల్లో చించకుండా పారేసిన ప్రింటు కాగితాలు వెతికేవారు. వాటిలో దొరికిన అంతర్గత నంబరుకు ఫోను చేసి, నేను ఫలానా విభాగం నుంచి మాట్లాడుతున్నాను, మా టెర్మినలు పనిచేయడం లేదు అంటే అవతలి ఉద్యోగి మర్యాదగా పాస్‌వర్డు చెప్పేవారు. కొన్ని యంత్రాలకు తయారీదారు పెట్టి ఇచ్చిన పాస్‌వర్డు మార్చకుండా అలాగే ఉండేది. ఇవి తలుపు బద్దలుకొట్టిన గుర్తులు కావు. కోట్లమంది జనం మాటలకు కాపలా ఉండవలసిన సంస్థ తలుపుకు గొళ్ళెం కూడా పెట్టలేదు.

చట్టంచదువు:

911 పత్రం కేసులో ప్రభుత్వం తప్పు చేసింది. 79,449 డాలర్ల లెక్క న్యాయస్థానం ముందు పెట్టదగినది కాదు. ప్రచురించినవాడిని చొరబడినవాడితో ఒకే గాటన కట్టడం ఇంకా పెద్ద తప్పు. ఈ విషయంలో తీగలబాట గారితో నాకు విభేదం లేదు. గ్రీన్‌స్టార్ విషయంలోనూ లేదు.

కానీ అర్ధరాత్రిమోడెం గారి చివరి వాదన నాకు మింగుడుపడటం లేదు. గొళ్ళెం పెట్టని తలుపు గొళ్ళెం పెట్టవలసినవాడి బాధ్యతను పెంచుతుంది. లోపలికి వెళ్ళినవాడికి హక్కు ఇవ్వదు. పైగా పాస్‌వర్డు చెప్పిన ఆ ఉద్యోగి ఎవరు? పై మెట్టున ఉన్న అధికారి కాదు. రోజంతా ఫోను ఎత్తే గుమాస్తా. సాటి ఉద్యోగి ఇబ్బందిలో ఉన్నాడని నమ్మి సాయం చేసిన మనిషి. ఆ మంచితనాన్నే తాళంచెవిగా వాడుకున్నారు. తరువాత విచారణ జరిగితే ఉద్యోగానికి ఎసరు వచ్చేది ఎవరికి?

కెవిన్ పోల్సన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన కూడా కుతూహలంతోనే మొదలయ్యారు. పసిఫిక్ బెల్ కంప్యూటర్లలో, కార్యాలయాల్లో ఏళ్ళ తరబడి తిరిగారు. 1990 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని కేఐఐఎస్ రేడియో స్టేషను, 102వ కాల్ చేసినవారికి పోర్షా కారు ఇస్తామంటే, స్టేషనుకు వచ్చే లైన్లను తన అధీనంలోకి తెచ్చుకుని 102వ కాల్ తనదే అయ్యేలా చేశారు. చివరికి 51 నెలల శిక్ష పడింది. శిక్ష తరువాత ఆయన పేరున్న పాత్రికేయుడయ్యారు. అది గౌరవించదగిన మార్పు. కానీ ఆ రోజు స్టేషనుకు ఫోను చేస్తూ ఎంగేజ్ శబ్దం విన్న మామూలు శ్రోతల సంగతేమిటి? వాళ్ళు కంపెనీవాళ్ళూ కాదు, ప్రభుత్వంవాళ్ళూ కాదు. వాళ్ళ లైను వాళ్ళకు తెలియకుండా పక్కకు నెట్టబడింది. కుతూహలం ఎప్పుడు మలుపు తిరిగిందో చెప్పగలరా? ఆయనకైనా తెలిసి ఉంటుందా?

మన దేశంలో ఈ గీతను చట్టం కొంత స్పష్టంగానే గీసింది. ఐటీ చట్టం 43వ సెక్షను ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి వెళ్ళడమే నష్టపరిహారానికి దారితీసే తప్పు. అదే పనిని నిజాయితీ లేకుండానో, మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షను కింద నేరం. మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. అంటే వెళ్ళడం ఒకటి, ఏ ఉద్దేశంతో వెళ్ళాడన్నది మరొకటి. 2008 సవరణ తరువాత వచ్చిన ఈ విభజన నాకు సబబుగా తోస్తుంది. నైడార్ఫ్ దీని కింద దోషి కాడు. పోల్సన్ దోషి. కాస్మాస్ మాన్యువళ్ళు ఎత్తుకెళ్ళిన మిట్నిక్ కూడా దోషే.

కొత్తసభ్యుడు:

నేను హైదరాబాదులో ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక సందేహం. ఇప్పుడు ఏదైనా సంస్థ వెబ్‌సైటులో లోపం కనబడితే తెలియజేయడానికి దారి ఉంది. చాలా సంస్థలు బహుమతి కూడా ఇస్తాయి. ఆ కుర్రాళ్ళకు లోపం కనబడినప్పుడు కంపెనీకి చెప్పవచ్చు కదా? ఎందుకు చెప్పలేదు?

తీగలబాట:

మంచి ప్రశ్న వేశారు. చెప్పడానికి చోటు లేదు. కంపెనీకి ఫోను చేసి మీ స్విచ్చులోకి ఇలా రావచ్చు అంటే, ఆ కాల్ భద్రతా విభాగానికి వెళ్ళేది, అక్కడినుంచి ఎఫ్‌బీఐకి. అమెరికాలో 1986 కంప్యూటరు మోసాల చట్టం వచ్చాక, నేను లోపలికి వెళ్ళాను అని ఒప్పుకోవడమే సాక్ష్యం ఇచ్చినట్టు. అందుకే వాళ్ళు తమలో తాము చెప్పుకున్నారు. బులెటిన్ బోర్డుల్లో రాసుకున్నారు. తమలో తాము చెప్పుకున్నది, చట్టంచదువు గారన్నట్టు, పదిమంది చేతికి అందింది. వాళ్ళలో బాధ్యత లేనివారు ఉన్నారని ఒప్పుకుంటాను. బాధ్యత చూపాలనుకున్నవాడికి నిలబడే చోటు లేకుండా చేసినవారిని కూడా అదే వాక్యంలో చేర్చాలని కోరుతాను. 1990 జులైలో మిచ్ కేపర్, జాన్ పెర్రీ బార్లో, జాన్ గిల్మోర్ కంప్యూటరు వాడేవారి హక్కుల కోసం ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను పెట్టింది ఈ లోటు కనబడినందువల్లే.

జంపరుతీగ గారికి ఒక ప్రశ్న. మీరు ఒక రాత్రి డ్యూటీలో ఉండగా ఎండీఎఫ్ గదిలో లైటు వెలుగుతోంది. లోపల పదహారేళ్ళ కుర్రవాడు ఉన్నాడు. ఏ తీగా ముట్టుకోలేదు. చట్రం మీద చీటీలు చదువుతున్నాడు. మీరేం చేసేవారు?

జంపరుతీగ:

జవాబు చెప్పేముందు మరో సంగతి చెప్పాలి. పాత రోజుల్లో ఇళ్ళలో ఫోను డయలుకు చిన్న తాళం వేసేవారు, పిల్లలు బిల్లు పెంచకుండా. పిల్లలు రిసీవరు పెట్టే మీటను వేలితో కొట్టి డయల్ చేసేవారు. మూడు అంకెకు మూడుసార్లు, సున్నాకు పదిసార్లు, మధ్యలో కాస్త ఆగి. డయలు తిరిగినప్పుడు తీగలో జరిగేది కూడా అన్నిసార్లు తెగి కలవడమే కనుక ఎక్స్ఛేంజికి తేడా తెలియదు. మా అబ్బాయి పదేళ్ళ వయసులో తనంతట తానే కనిపెట్టి వాళ్ళ అమ్మమ్మకు ఫోను చేశాడు. నేను కోప్పడలేదు. మరునాడు ఎక్స్ఛేంజికి తీసుకువెళ్ళి, వాడు కొట్టిన దెబ్బకు ఇక్కడ సెలక్టరు ఒక్కొక్క మెట్టు ఎలా ఎక్కుతుందో చూపించాను. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. కుతూహలం అంటే నాకు తెలుసు, బాబూ. దాని మీద నాకు పగ లేదు.

ఎక్స్ఛేంజిలో టెస్టు డెస్కు అని ఉండేది. అక్కడ కూర్చున్నవాడు ఏ లైనులోకైనా వెళ్ళి వినవచ్చు. ఫాల్టు చూడటానికి అది తప్పదు. ఫిర్యాదు కార్డు చేతిలో లేకుండా ఏ నంబరులోకీ వెళ్ళకూడదన్నది నాకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన కట్టుబాటు. లైను మీద మాటలు వినబడితే వెంటనే బయటికి రావాలి. కార్డు లేకుండా వెళ్ళినవాడిని ఆయన క్షమించేవారు కారు, వాడు శాఖ ఉద్యోగి అయినా సరే. అర్ధరాత్రిమోడెం గారు చెప్పిన ఆ టేపుల సంగతి ఆయన విని ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

ఇక మీ కుర్రవాడు. ముందు వాణ్ణి ఎవరి నంబరు చీటీ చదువుతున్నావని అడుగుతాను. ఎవరిదీ కాదు, ఈ వరుస ఎక్కడికి పోతుందో చూస్తున్నాను అంటే కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, తెల్లవారేదాకా ఆ చట్రమంతా వివరించి, ఇంటికి నేనే దిగబెట్టి వస్తాను. మరుసటి రోజు నుంచి ఆ తలుపుకు తాళం వేయిస్తాను. వాడు ఒక నంబరు చెబితే, అది ఎవరిదైనా సరే, వాడికి తెలిసిన అమ్మాయిదైనా, నచ్చని మాస్టారిదైనా, అప్పుడు వాణ్ణి పక్కన నిలబెట్టి మా సూపర్‌వైజరుకు ఫోను చేస్తాను. ఆ తరువాత ఆ నంబరు జత దగ్గరికి వెళ్ళి, జంపరు తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా నా వేలితో చూసుకుంటాను.